అరిగిందా, అచ్చే సరిగ్గా పడలేదా?

వెండి డాలరు ఒకటి కొని మోసపోయాను. మోసపోయాను అనడం కూడా పూర్తి న్యాయం కాదేమో. అమ్మినాయన అబద్ధమే చెప్పాడో, నాలాగే తనూ నమ్మాడో నాకిప్పటికీ తెలీదు.

అది 1891లో న్యూ ఆర్లియన్స్ టంకశాలలో కొట్టిన మోర్గన్ డాలరు. ముందువైపు లిబర్టీ దేవత తల, వెనకవైపు రెక్కలు విప్పిన గద్ద, దాని కింద పూలదండ ముడి దగ్గర చిన్న 'ఓ' అక్షరం. ఫొటోలో లిబర్టీ చెవి పైనున్న జుట్టు చదునుగా, పాయల్లేకుండా ఉంది. గద్ద రొమ్ము మీద ఈకలు కూడా లేవు. ఇదేంటి, ఇంత అరిగిందాన్ని కొత్త నాణెం అంటున్నారేంటని మెయిల్లో అడిగాను. "అరగలేదు, వీక్ స్ట్రైకు. ఆ ఏడాది ఆ టంకశాల నాణేలన్నీ అంతే" అని జవాబొచ్చింది. నేనూ రెండు రోజులు కూర్చుని చదివాను. నిజమే, 1891 న్యూ ఆర్లియన్స్ డాలర్లు చదునుదనానికి పెట్టింది పేరు. ఇంకేం, మూడొందల పైచిలుకు డాలర్లు పోసి కొనేశాను. ఆ తర్వాత గ్రేడింగుకి పంపిస్తే "చలామణీలో అరిగింది" అని తేల్చి, 55 గ్రేడు రాసి తిప్పి పంపారు. నేను పెట్టినదాంట్లో మూడోవంతు కూడా రాదు.

అంటే ఆయన చెప్పిన చరిత్ర కరెక్టే. ఆ చరిత్ర ఆ నాణేనికి వర్తించదు, అంతే. ఆ తేడా నాకు తెలియకపోవడం ఖరీదు రెండొందల డాలర్లు. ఫీజు కట్టేశాను కాబట్టి, నేర్చుకున్న పాఠం మీకు ఉచితంగా చెప్తాను :)

ముందు అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. నాణెం మీద అన్నిటికంటే ఎత్తుగా ఉండే చోటు, అచ్చులో అన్నిటికంటే లోతుగా ఉండే చోటు. దెబ్బ పడ్డప్పుడు లోహం పారి అన్నిటికంటే ఆఖర్న నిండేది ఆ లోతే. తర్వాత ఆ నాణెం జనంలోకి వెళ్తే జేబు, వేలు, బల్ల అన్నిటికంటే ముందు రాసుకునేదీ ఆ ఎత్తే. అంటే వీక్ స్ట్రైకు వల్ల ఏ వివరం మొదట లేకుండా పోతుందో, అరుగుదల వల్ల కూడా మొదట పోయేది అదే. బగ్గులు రెండు, ఎర్రర్ మెసేజి మాత్రం ఒకటే. లాగు చూడకుండా మెసేజి చూసి బగ్గు తేల్చేస్తే ఏమవుతుందో మనకి తెలియనిది కాదు.

మోర్గన్ డాలరులో ఇది ఇంకొంచెం ముదురు. చెవి పైన జుట్టు నాణేనికి ఇటు నడిమధ్యలో ఉంటుంది, గద్ద రొమ్ము అటు నడిమధ్యలో ఉంటుంది. రెండు అచ్చుల్లోనూ లోతైన గుంటలు ఎదురెదురుగా పడ్డాయి. మధ్యలో ఉన్న బిళ్ళలో లోహం అంతే కదా, రెండువైపులా నిండడానికి ఎక్కణ్ణుంచి వస్తుంది? కజ్జికాయల చెక్కలో పిండి తక్కువ పెట్టి నొక్కితే అంచు మీద వంకీలు సగమే పడతాయి చూడండి, అలాగన్నమాట. గట్టిగా నొక్కాలి, లేదా పిండి బాగా మెత్తగా ఉండాలి. టంకశాల భాషలో చెప్పాలంటే దెబ్బ బలంగా పడాలి, లేదా బిళ్ళని ముందే బాగా కాల్చి మెత్తబరచాలి.

మరి న్యూ ఆర్లియన్స్ వాళ్ళు ఎందుకు గట్టిగా నొక్కలేదు? ఇక్కడే అసలు కథ.

1878లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ప్రభుత్వం నెలకి 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండి కొని తీరాలి, కొన్న వెండితో డాలర్లు కొట్టాలి. పడమటి రాష్ట్రాల గనుల్లో వెండి కుప్పలుగా పడుతోంది, ధర పడిపోతోంది, గనుల వాళ్ళకి వాషింగ్టన్‌లో పలుకుబడి ఉంది. మన దగ్గర మద్దతు ధరకి ధాన్యం కొని గోడౌన్లలో పోస్తారు కదా, అదే పని వెండితో చేశారు. 1890లో ఇంకో చట్టం వచ్చి ఆ కొనుగోలుని నెలకి 45 లక్షల ఔన్సులకి పెంచింది. అది 1893లో రద్దయ్యేదాకా సాగింది.

ఇన్ని డాలర్లు ఎవరికి కావాలి? ఒక్కోటీ 26.73 గ్రాములు. పది డాలర్లు జేబులో వేసుకుంటే పావుకిలో పైన. జనం వాటి బదులు కాగితపు వెండి సర్టిఫికెట్లు పట్టుకెళ్ళారు. డాలర్లేమో వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి ఖజానా నేలమాళిగల్లో పేర్చారు. చట్టం కొట్టమంది కాబట్టి కొట్టారు, కొట్టినవి దాచారు. యూజర్లు లేని సాఫ్టువేరుని నెలనెలా రిలీజు చేసినట్టు.

న్యూ ఆర్లియన్స్ టంకశాల 1838లో నాణేలు కొట్టడం మొదలుపెట్టింది. 1861లో అంతర్యుద్ధంతో మూతపడి, ఈ వెండి డాలర్ల పుణ్యాన 1879లో మళ్ళీ తెరుచుకుంది, 1909 దాకా నడిచింది. అచ్చులు అక్కడ తయారు కావు, ఫిలడెల్ఫియా నుంచి రావాలి. రెండు అచ్చుల మధ్య ఎడం ఒక వెంట్రుకవాసి పెంచితే దెబ్బ కాస్త మెత్తగా పడుతుంది, అచ్చు ఎక్కువ రోజులు మన్నుతుంది. నాణెం మీద జుట్టు పాయలు పడతాయా లేదా అని అడిగేవాడు లేడు. ఎలాగూ సంచిలోకి పోయేదే కదా. 1891లో అక్కడ కొట్టినవి దాదాపు 79 లక్షలు. వాటిలో చాలావాటికి చెవి పైన జుట్టు లేదు.

ఆ సంచుల సంగతి కూడా చెప్పాలి. 1918 పిట్‌మన్ చట్టం కింద 27 కోట్ల పైన డాలర్లు కరిగించేశారు, ఏ ఏడాదివి, ఏ టంకశాలవి అన్న లెక్క రాయకుండా. మిగిలినవి చీకట్లో పడి ఉన్నాయి. 1962 చివర్లో ఖజానా ఒక పాత గదిలోంచి సంచులు బయటకి తీసి ఇవ్వడం మొదలుపెట్టింది. 1903 న్యూ ఆర్లియన్స్ డాలరు అప్పటిదాకా అపురూపం. కొత్త స్థితిలో ఉన్నదానికి కేటలాగులో 1,500 డాలర్లు రాసి ఉండేది. అవే సంచులకి సంచులు బయటపడ్డాయి, ధర పాతాళానికి దిగిపోయింది. 1964 మార్చి వచ్చేసరికి మిగిలినవాటిని ఇవ్వడం ఆపేశారు. ఈ రెండేళ్ళలో బయటకొచ్చిన డాలర్లలో చాలావాటిని టంకశాల మనిషి తప్ప ఇంకో మనిషి ముట్టుకోలేదు. ఒక్క రొట్టె ముక్క కొనలేదు, ఒక్క జేబు ఎక్కలేదు. అయినా చూడ్డానికి ముప్ఫై ఏళ్ళు సంతల్లో తిరిగినట్టు అరిగిపోయి కనిపిస్తాయి.

పోగొట్టుకున్నదానికీ, అసలు ఇవ్వనేలేనిదానికీ తేడా ఎలా కనిపెట్టాలి?

కొత్తవాళ్ళకి మొదట చెప్పేది మెరుపు. దెబ్బ పడ్డప్పుడు లోహం మధ్యనుంచి అంచువైపు పారుతుంది. ఆ పారకంలో కంటికి కనపడనంత సన్నటి గీతలు ఏర్పడతాయి. నాణెం దీపం కింద వంచి తిప్పితే బండిచక్రం ఆకుల్లా వెలుగు గిర్రున తిరిగేది వాటి వల్లే. అరుగుదల మొదట కొట్టేసేది ఆ గీతల్నే. కాబట్టి మెరుపుంటే కొత్తది, పోతే అరిగింది అంటారు. ఇది సగం నిజం. నన్ను ముంచింది ఈ సగమే. వీక్ స్ట్రైకులో ఆ చదును భాగం అచ్చుని సరిగ్గా తాకనే లేదు, లోహం అక్కడ పారనే లేదు. కాబట్టి అక్కడ కూడా బండిచక్రం మెరుపు ఉండదు, మసగ్గానే ఉంటుంది! మసకని చూసి నిర్ణయించలేం. అది ఎలాంటి మసకో చూడాలి.

భూతద్దం పెట్టండి, అయిదు నుంచి పది రెట్లు చాలు. అచ్చు తాకని చోట, దెబ్బ పడకముందు బిళ్ళ పైచర్మం ఎలా ఉండేదో అలాగే మిగిలి ఉంటుంది. కొద్దిగా గరుకు, ఇసుక చల్లినట్టు, బిళ్ళలన్నీ డ్రమ్ములో దొర్లినప్పుడు పడ్డ చిన్న చిన్న గాట్లతో సహా. దెబ్బ బలంగా పడి ఉంటే ఆ గాట్లు చెరిగిపోయేవి. పడలేదు కాబట్టి ఉన్నాయి. అరిగిన చోట ఆ గరుకుండదు. నున్నగా, కాస్త బూడిదరంగు తిరిగి ఉంటుంది.

రెండోది అంచులు. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే. అరుగుదల చిత్రిక పట్టినట్టు పైనుంచి కోసుకుంటూ పోతుంది. జుట్టు పాయల శిఖరాలు తెగిపోతాయి గానీ, పాయల మధ్య లోయలు పదునుగా అలాగే ఉంటాయి. వీక్ స్ట్రైకులో శిఖరాలూ లోయలూ రెండూ లోతు తక్కువే. చెవికి దూరంగా స్పష్టంగా ఉన్న పాయ, చెవి దగ్గరకి వచ్చేకొద్దీ మెల్లగా పలచబడి కరిగిపోతుంది. ఎక్కడ ఆగిందో గీత గీసి చెప్పలేం. అరిగిన నాణెంలో చెప్పగలం.

మూడోది, మిగతా ఎత్తైన చోట్లు. లిబర్టీ బుగ్గ, టోపీ మడత, కనుబొమ్మ పైన జుట్టు, గద్ద రెక్కల కొసలు. ఇవీ ఎత్తులే గానీ చెవి పైన జుట్టు పడ్డంత కష్టపడి అచ్చు పడే చోట్లు కావు. జేబుకి ఆ తేడా తెలీదు, అన్నిటినీ రాస్తుంది. నా డాలరుకి చెవి జుట్టుతో పాటు బుగ్గ మీదా, రెక్కల కొసల మీదా అదే బూడిదరంగు నునుపు ఉంది. అంటే పుట్టుకలోనే చదును, దాని మీద అరుగుదల కూడా. రెండు బగ్గులూ ఉన్నాయన్నమాట. నేను ఒకటి కనిపెట్టి రెండోది వెతకడం మానేశాను.

మధ్యలో నా ఇంజనీరింగు బుద్ధి పోనిచ్చుకోక డిజిటల్ తక్కెడ కూడా కొన్నాను. అరిగితే బరువు తగ్గాలి, వీక్ స్ట్రైకైతే లోహం ఎక్కడికీ పోదు కాబట్టి బరువు పూర్తిగా ఉండాలి. లాజిక్కు బ్రహ్మాండం. కానీ 55 గ్రేడు నాణెం పోగొట్టుకునేది ఎంత? కొత్త డాలర్లలోనే టంకశాల అనుమతించే హెచ్చుతగ్గుల్లో అది కలిసిపోతుంది. ఆ తక్కెడ ఇప్పుడు మా ఇంట్లో కాఫీ పొడి తూచడానికి పనికొస్తోంది.

బరువుతో అరుగుదల తేల్చడం మన దేశానికి కొత్తేం కాదు. ఇంకా చిత్రం, బరువు చూడకుండానే తేల్చిన రోజులు కూడా ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో బెంగాలులో సిక్కా రూపాయి కొట్టిన ఏడాది మాత్రమే పూర్తి విలువకి చెల్లేది. దాని మీద చక్రవర్తి పాలన ఎన్నో ఏడో అంకె వేసి ఉంటుంది. ఏడాది దాటితే షరాబు నూటికి సుమారు మూడు, రెండేళ్ళు దాటితే అయిదు కోసుకునేవాడు. అదే బట్టా, మన తెలుగులో వట్టం. అరిగిందా లేదా అని చూడక్కర్లేదు, అంకె చూస్తే చాలు. పెట్టెలో దాచిన రూపాయికీ సంతలో నలిగిన రూపాయికీ ఒకటే కోత. దీన్ని వదిలించుకోడానికి ఈస్టిండియా కంపెనీ చేసిన పని నాకు భలే నచ్చుతుంది. షా ఆలం పాలన 19వ ఏడు అని అచ్చు మీద స్థిరంగా చెక్కేసి, దశాబ్దాల తరబడి అదే అంకెతో రూపాయలు కొట్టుకుంటూ పోయింది. వెర్షన్ నంబరుని హార్డ్‌కోడ్ చేసేశారు! వట్టం కోసే షరాబుకి పాతదేదో కొత్తదేదో తెలిసే దారి లేకుండా పోయింది. దేశమంతటికీ ఒకే రూపాయి 1835లో వచ్చింది. తర్వాత 1906 నాణేల చట్టంలో, రూపాయి బరువు నూటికి రెండు వంతుల కంటే ఎక్కువ తగ్గితే చట్టబద్ధంగా చెల్లదని రాశారు. ఇది న్యాయమైన కొలత. కంటితో పని లేదు, అంకెతో పని లేదు, తక్కెడ చెప్తుంది.

సేకరణకర్తలకి ఆ అదృష్టం లేదు, వాళ్ళకి కన్నే దిక్కు. అందులోనూ, తప్పంతా టంకశాలదే అనడానికి వీల్లేదు. శిల్పుల వాటా కూడా ఉంది. 1907లో సెయింట్-గాడెన్స్ అనే గొప్ప శిల్పి ఇరవై డాలర్ల బంగారు నాణేనికి పతకంలా ఉబ్బెత్తు బొమ్మ చేశాడు. మొదటి నమూనాలు పూర్తిగా పడాలంటే ఒక్కోదానికి తొమ్మిది దాకా దెబ్బలు కావాల్సొచ్చింది. టంకశాల చెక్కడపు పెద్ద బార్బరు మొదట్నుంచీ ఇది కుదరదంటూనే ఉన్నాడు. చివరికి బొమ్మని చదును చేసి మామూలు నాణెంగా వదిలారు. (బార్బరుని విలన్ని చేసి రాసిన వ్యాసాలు చాలా చదివాను. నాకు మాత్రం ఆయన ప్రొడక్షన్ సపోర్టు మనిషిలా కనిపిస్తాడు.) 1921 డిసెంబరులో పీస్ డాలరు వచ్చినప్పుడు మళ్ళీ అదే కథ. పది లక్షల పైన కొట్టారు, దాదాపు అన్నిటికీ నడిమధ్యలో జుట్టు అస్పష్టం. 1922లో బొమ్మ ఎత్తు తగ్గించారు. కాబట్టి 1921 పీస్ డాలరు మధ్యలో చదునుగా ఉంటే కంగారు పడక్కర్లేదు, బాగా నిండుగా ఉంటేనే అదృష్టం.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. 1913 బఫెలో నికెల్‌లో తేదీ ఎత్తైన చోట పెట్టారు. అచ్చు బాగానే పడింది గానీ, జనం చేతుల్లో అన్నిటికంటే ముందు అరిగిపోయింది తేదీయే. తేదీలేని బఫెలోలు ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతాయి. నిలబడిన లిబర్టీ పావలాకి 1916 నుంచీ అదే జబ్బు. 1925లో గానీ తేదీని లోపలికి దించలేదు.

ఈ గొడవంతా డబ్బుల గొడవగా మారింది ఒక అంకె వల్ల. 1949లో షెల్డన్ అనే ఆయన పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలబద్ద వేశాడు. తర్వాత అది అన్ని నాణేలకీ పాకింది. అందులో 60కి పైన అంటే అరుగుదల అసలు లేదు, 58 అంటే ఎక్కడో ఒక పిసరు ఉంది. ఆ రెండంకెల మధ్య ధర ఎగిరి గంతేస్తుంది. అందుకే 58 నాణేన్ని అమ్మేవాడి నోట్లో "వీక్ స్ట్రైకు" అన్న మాట అంత తియ్యగా పలుకుతుంది. కొనేవాడైతే అదే నాణేన్ని చూసి "అరిగింది" అంటాడు. అమ్మేటప్పుడు వీక్ స్ట్రైకు, కొనేటప్పుడు అరుగుదల. ఈ మాటలు రెండూ ఒకే మనిషి నోట, ఒకే పూట నేను విన్నాను.

నిజానికి పూర్తిగా అచ్చుపడిన 58 నాణెం, చెవి జుట్టు లేని 62 కంటే అందంగా ఉంటుంది చాలాసార్లు. గ్రేడు అందాన్ని కొలవదు. లేదా కొలిచిన చోట వింతగా కొలుస్తుంది. 1945 ఫిలడెల్ఫియా పది సెంట్ల బిళ్ళలు దాదాపు 16 కోట్లు కొట్టారు, చవగ్గా దొరుకుతాయి. వెనకవైపు కట్టెలమోపు మీది అడ్డపట్టీలు విడివిడిగా పూర్తిగా పడినది దొరికితే మాత్రం వేల డాలర్లు. ఇక 1926 డెన్వర్ బఫెలో నికెల్‌కి చెక్‌లిస్టు పనికిరాదు. కొమ్ము పూర్తిగా ఉందా అన్నది మామూలుగా అరుగుదలకి గుర్తు. ఆ ఏడాది డెన్వర్‌లో కొత్తగా పుట్టినవాటికే కొమ్ము సరిగ్గా లేదు.

అచ్చే అరిగిపోయినా, దాన్ని అతిగా సానబట్టినా వచ్చే లోపాలు వేరే జాతి. 1922 సెంట్లన్నీ డెన్వర్‌లోనే కొట్టారు, అయినా కొన్నిటి మీద 'డి' అక్షరం లేదు. 1937 డెన్వర్ బఫెలోల్లో కొన్నిటికి మూడే కాళ్ళు. వీటి ధర మామూలువాటికంటే ఎన్నో రెట్లెక్కువ. లోపం పేరున్నదైతే ఫీచరవుతుంది కాబోలు.

నా 55 డాలరుని తిరిగి అమ్మలేదు. ఆ తర్వాత అదే ఏడాది, అదే టంకశాల నాణెం, నిజంగా అరగనిది, చెవి మాత్రం చదునైనది ఇంకోటి వెతికి కొన్నాను. ఈసారి చేత్తో పట్టుకుని, దీపం కింద తిప్పి చూసి మరీ. రెండూ పక్కపక్కన పెట్టి, ఇంటికొచ్చిన స్నేహితులకి ఏది అరిగిందో చెప్పమని పరీక్ష పెడుతుంటాను. తప్పు చెప్పినవాళ్ళే ఎక్కువ, ఎందుకంటే కొత్తదానికి చెవి జుట్టు ఇంకా తక్కువ.

మా ఆవిడ ఈ నాణేల పిచ్చిని ఎప్పుడూ పట్టించుకోదు. ఒకరోజు ఆ పరీక్ష తనకీ పెట్టాను. భూతద్దం ఇస్తే వద్దంది. అంచులు పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి కిటికీ దగ్గర వెలుగులో చూసి, పది సెకన్లలో 55ని నా చేతిలో పెట్టేసింది.

"ఇది అరిగిందండీ."

ఎలా తెలిసిందని అడిగాను.

"మా అమ్మమ్మ కాసులపేరులో కాసులు ఇలాగే ఉండేవి. మెడకి రాసుకుని రాసుకుని నున్నగా. ఆ రెండోదేమో గరుగ్గా ఉంది, దాన్నెవరూ పెట్టుకోలేదు."